ఒకేసారి రెండు స్లైసులు తీసినా స్కాను సమయం సగం కాదు

ఒకేసారి అనేక స్లైసులు, అంటే మెదడు అడ్డకోత చిత్రాలు, తీసే పద్ధతి వచ్చాక కూడా మెదడు ఎంఆర్ఐకి ఇరవై, ముప్పై నిమిషాలు ఎందుకు పడుతోందని మీరు అడిగారు. కర్నూలులో ఒక ప్రైవేటు స్కానింగ్ కేంద్రంలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను కనుక సూటిగానే చెబుతాను. ఆ పద్ధతి, కణజాలంలో నీటి కదలికను చూపే డిఫ్యూజన్ వంటి ఒకటి రెండు సీక్వెన్సులకు (ఒక్కొక్క రకం చిత్రం తీసే క్రమాలకు) చక్కగా పనికివస్తుంది, మిగిలిన వాటికి అంతగా అక్కరకు రాదు. రోడ్ల మీద కట్టే ఫ్లెక్సీలలో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

గత వేసవిలో ఆలూరు వైపు పల్లె నుంచి ఒక అవ్వను తీసుకువచ్చారు. పొద్దున కల్లంలో పనిచేస్తుండగా కుడి చెయ్యి పడిపోయి, మాట ముద్దయిందట. సీటీలో రక్తస్రావం లేదని తేలింది, డాక్టరు వెంటనే ఎంఆర్ఐ రాశారు. గడ్డను కరిగించే మందుకు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు, అందులో చాలా భాగం ప్రయాణానికే పోయింది. మిగిలిన కాస్త సమయంలో మెట్టెలు సబ్బు నురగతో తీయించాము, మొలతాడుకున్న తాయెత్తు విప్పించాము. లోపలికి పంపగానే యంత్రంలోని గ్రేడియెంట్లనే అయస్కాంత తీగచుట్ల చప్పుడుకు అవ్వ బెదిరిపోయి, ముద్దమాటతోనే ‘‘నాయనా, చెవులు పగిలిపోతాండాయి’’ అంటూ తల అటూ ఇటూ తిప్పసాగింది. మనవడు కాళ్ల దగ్గర నిలబడి ‘‘కదలొద్దు జేజీ, ఇంగ రోంతసేపే’’ అని బతిమాలుతూనే ఉన్నాడు. అటువంటి రోగి దగ్గర నేను క్రమం పాటించను, డిఫ్యూజన్‌నే మొదట పెడతాను. రెండేసి స్లైసులను ఒకేసారి తీసే అమరికతో అది సుమారు ఒక నిమిషంలో ముగిసింది. ఎడమవైపు తెల్లని మచ్చ, నీటి కదలిక ఎంతో లెక్కగట్టి చూపే ఏడీసీ పటంలో అదే చోట నలుపు, అంటే రక్తం అందని భాగపు గుర్తు, కనిపించగానే రేడియాలజిస్టు వార్డుకు ఫోను చేశారు. ఆ తరువాత తీసిన ఫ్లెయిర్ అనే మరో సీక్వెన్సు కదలికల వల్ల పూర్తిగా చెడిపోయింది.

స్లైసులను కలపడం డిఫ్యూజన్‌కు పనికివచ్చి మిగిలినవాటికి రాకపోవడానికి కారణం ఆ పద్ధతి లోపలే ఉంది. డిఫ్యూజన్‌లో ఒక్కొక్క స్లైసు సెకనులో చిన్న భాగంలోనే పూర్తవుతుంది, మొత్తం సమయాన్ని పెంచేది స్లైసుల వరుసే. రెండింటిని ఒకే రేడియో పల్సుతో ప్రేరేపిస్తే ఆ వరుస సగానికి తగ్గుతుంది. అప్పుడు రెండు స్లైసుల సంకేతాలు ఒకదానిపై ఒకటి పడి వస్తాయి. రచ్చబండ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు చుట్టూ వేర్వేరు చోట్ల కూర్చున్నవారికి ఒక్కొక్క గొంతు ఒక్కొక్క మోతాదులో వినిపించినట్లు, తల చుట్టూ ఉన్న, యాంటెన్నా వంటి కాయిల్ భాగాలకు ఆ సంకేతాలు వేర్వేరు బలంతో అందుతాయి. ఆ తేడాల లెక్కతోనే కంప్యూటరు వాటిని విడదీస్తుంది. లార్క్‌మన్ బృందం 2001లో ఈ దారి చూపింది. స్లైసులను ఒకదానికొకటి కాస్త పక్కకు జరిపి విడదీయడాన్ని సులభం చేసే ఉపాయాన్ని బ్రాయర్ బృందం 2005లో ప్రచురించగా, సెట్‌సంపాప్ బృందం 2012లో దానిని డిఫ్యూజన్‌కు వాడే వేగవంతమైన ఈపీఐ సీక్వెన్సుకు అమర్చింది. అమెరికాలోని హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు వారు మెదడు పనితీరును చూపే ఫంక్షనల్ ఎంఆర్ఐలో ఎనిమిదేసి స్లైసులను ఒకేసారి తీసి, మొత్తం మెదడును 0.72 సెకన్లకు ఒకసారి నమోదు చేశారు. స్లైసులోపల కొలతలు తగ్గించి వేగం పెంచే పాత పద్ధతిలో, రెండింతల వేగానికి సంకేతానికీ, చిత్రాన్ని మసకబరిచే రొదకూ ఉన్న నిష్పత్తి సుమారు 30 శాతం పడిపోతుంది. ఇక్కడ కొలతలేవీ వదిలిపెట్టము కనుక ఆ నష్టం ఉండదు.

ఫ్లెయిర్ సంగతి వేరు. అందులో మెదడు చుట్టూ ఉన్న నీటి సంకేతం అణగేదాకా రెండు సెకన్లకు పైగా వేచి ఉండాలి, ఒక ఆవృత్తికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు ఇవ్వాలి. స్లైసులను ఎంత కలిపినా ఆ నిరీక్షణ తగ్గదు. మెదడు నిర్మాణాన్ని చూపే త్రీడీ టీ1 సీక్వెన్సులో మెదడంతా ఒకే ముద్దగా తీస్తాము, కలపడానికి అక్కడ విడి స్లైసులే ఉండవు. పైగా రెండు స్లైసులను కలిపి ప్రేరేపించే మామూలు పల్సుకు గరిష్ఠ శక్తి నాలుగు రెట్లు కావాలి. పల్సులు ఎక్కువగా ఉండే టీ2 సీక్వెన్సులలో శరీరం వేడెక్కే పరిమితి వెంటనే అడ్డువస్తుంది, 3 టెస్లా అయస్కాంతమున్న యంత్రాలలో మరీ త్వరగా. ఛానెళ్లు, అంటే సంకేతాన్ని విడివిడిగా అందుకునే భాగాలు, తక్కువగా ఉన్న పాత కాయిల్ అయితే విడదీయడమే సరిగా జరగక, ఒక స్లైసులోని కంటి మెరుపు మరొక స్లైసులో లేని మచ్చలా తేలుతుంది. అందుకే మన దగ్గర రెండు, మహా అయితే మూడు స్లైసులకు మించి కలపడం నాకు ఇష్టం ఉండదు. పరిశోధనశాలలోని ఎనిమిదిని చూపించి యంత్రాలు అమ్మేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

యజమానులతో నాకున్న పేచీ కూడా ఇదే. డిఫ్యూజన్‌లో మిగిలిన నిమిషాన్ని, కదిలిపోయిన ఫ్లెయిర్‌ను మళ్లీ తీయడానికి వాడాలని నేనంటాను. వారు మాత్రం అపాయింట్‌మెంట్ల మధ్య వ్యవధి తగ్గించి, సాయంత్రానికి మరో రోగిని ఇరికిస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా స్కాను రాస్తే, వేగం గురించి అడిగే ముందు తల కాయిల్‌కు ఎన్ని ఛానెళ్లున్నాయో, రోగి కదిలితే ఆ సీక్వెన్సు మళ్లీ తీస్తారో లేదో కనుక్కోండి. రోగి వేలికి బిగుసుకుపోయిన ఉంగరాలు, మెట్టెలు ఉంటే ఇంటి దగ్గరే తీయించి తీసుకురండి.