పాత్రోలకు అపాస్ట్రఫీ అక్కర్లేదు

ప్రశ్న: మాస్టారూ, ఫిబ్రవరిలో మా అబ్బాయి పెళ్లి. మా ఇంటిపేరు పాత్రో, వియ్యాలవారిది దాస్. కార్డు తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో వేయిస్తున్నాం. ఇంగ్లీషు ప్రూఫ్‌లో రెండు ఇంటిపేర్లకీ అపాస్ట్రఫీ (’ గుర్తు) పెట్టి ఎస్ వేశారు. మా అమ్మాయి తప్పంటోంది. ప్రెస్ ఆయనేమో అందరూ ఇలాగే వేయించుకుంటారంటున్నాడు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మాటే ఒప్పు. ఇంటిపేరుకి బహువచనం కావాలంటే ఉత్త ఎస్ చాలు. అపాస్ట్రఫీ పెడితే ‘పాత్రో గారి’ అని అర్థం. అప్పుడు మీ కార్డు ‘పాత్రో గారి మిమ్మల్ని ఆహ్వానిస్తున్నారు’ అన్నట్టు అవుతుంది.

పర్లాకిమిడి బడిలో ఇంగ్లీషు చెప్పిన రోజుల్లో గమనించాను, ఈ తప్పు చెవి దగ్గరే మొదలవుతుంది. పాత్రోలు అన్నా, పాత్రోది అన్నా, పాత్రోలది అన్నా ఇంగ్లీషులో పలికేది ఒక్కటే: పాత్రోస్. తేడా అంతా రాతలోనే. పిల్లలే కాదు, పెద్ద చదువులు చదివినవాళ్లూ అక్కడే తడబడతారు.

దాస్ సంగతి వేరు. చివర ఎస్ ఉంది కాబట్టి ఈఎస్ చేర్చి దాసెస్ అనాలి. చివర ఎస్‌హెచ్ ఉన్న ఘోష్‌కీ అంతే. చూడ్డానికి బాగాలేదని చాలామంది ఇక్కడే అపాస్ట్రఫీని లాక్కొస్తారు. నచ్చకపోతే ‘దాస్ ఫ్యామిలీ’ అని వేయించండి, ఏ గొడవా ఉండదు.

సాహు, పాణిగ్రాహి, పట్నాయక్‌లకి ఎస్ ఒక్కటే. రెడ్డి, చౌదరి చివర వై రాసేవాళ్లు దాన్ని అలాగే ఉంచాలి. లేడీకి బహువచనం రాసేటప్పుడు వై తీసేసి ఐఈఎస్ పెడతాం కదా, ఆ సూత్రం ఇంటిపేర్లకి పనికిరాదు. పొటాటోకి ఈఎస్ వస్తుందని పాత్రోకి తగిలించినా తప్పే. తాతల నాటి నుంచి వస్తున్న స్పెల్లింగ్‌ని ముట్టుకోకూడదు.

‘పాత్రోల ఇల్లు’ అని రాయాలంటే మాత్రం అపాస్ట్రఫీ కావాలి, అదీ ఎస్ తర్వాత. ముందు బహువచనం చేసి, ఆపైన పెట్టండి. రిసెప్షన్ మీ ఇంట్లోనే అయితే వేదిక రాసేచోట ఇది అవసరం పడుతుంది.

ప్రెస్ ఆయన ఎందరికి అలా వేసినా, ఈ కార్డు వెళ్లేది మీ ఇంటిపేరుతో. మొహమాటపడకుండా మార్పించండి. కవరు మీద పంపేవారి పేరు ఉంటే అక్కడా చూసుకోండి. లోపల దిద్దినవాళ్లు తరచూ దాన్ని వదిలేస్తారు.