చిన్నీ, ఆకుపచ్చ బోర్డు కనిపిస్తే ఆగు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ కూతురు సైకిలేసుకుని అడవుల్లోకి పోతుందట, అదీ ఒక్కతే. నువ్వక్కడుండి ఏం చేస్తున్నావురా?" అని నా మీద ఎగిరాడు. నీకు మంచి మార్కులొస్తే ఆయన కూతురివి, ఇలాంటి ఆలోచనలొస్తే నా కూతురివి. "దానికేం, భలే పిల్ల" అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట నిజంగానే అన్నాను. కానీ తర్వాత రెండింటి దాకా నిద్ర పట్టలేదు. హాంబర్గ్‌లో ముప్పై ఏళ్లుగా ఉన్న బాబాయికి చెప్పకుండా ఎక్కడో ఉన్న నాన్నకి చెప్పావు చూడు, దాని సంగతి కలిసినప్పుడు తేల్చుకుందాం.

నీ రూట్ ఆయన నాకు పంపాడు. బుహ్‌హోల్ట్స్‌లో రైలు దిగి, ఉండెలో, విల్సెడె, బిష్పింగెన్, మున్‌స్టర్, మ్యూడెన్ మీదుగా ట్సెల్లె దాకా, రెండు రోజులు. మంచి రూట్. ల్యూనెబుర్గ్ హైడె అనే ఈ ఊదా పూల పొదల మైదానంలో ఎత్తుల గురించి టెన్షన్ అక్కర్లేదు. అన్నిటికంటే ఎత్తైన విల్సెడె కొండే 169 మీటర్లు. దానికే వాళ్లు కొండ అని పేరు పెట్టుకున్నారు.

హెల్మెట్, పంపు, రెండు ట్యూబులు, లైటు, వాన కోటు. ఇవి నీకు తెలుసు. రైల్లో సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి, నీ నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్‌లో అది కలవదు. ఆగస్టు నెలాఖరంటే పూల సీజన్, సైకిళ్ల పెట్టెలో చోటు దొరకడం కష్టం, పొద్దున్నే బయల్దేరు. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, నడుము దగ్గర పురుగులు పట్టాయేమో చూసుకో. ఇక్కడి గడ్డిలో ఉండే టిక్కులు చిన్నవే కానీ జబ్బు తెస్తాయి.

ఇప్పుడు ఇసుక గురించి. నువ్వు ఇన్నాళ్లూ తొక్కింది తారు రోడ్డు మీద. అక్కడ టైరు ఎంత గట్టిగా ఉంటే అంత హాయి. హైడె మొత్తం మంచు యుగం పోస్తూ పోయిన ఇసుక. పైకి గట్టి మట్టి దారిలాగే కనిపిస్తుంది, చక్రం పెట్టాక తెలుస్తుంది. నీ టైరు 40 మిల్లీమీటర్లదట కదా, నీ బరువుకి 2 బార్ల గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టు. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. మరీ తగ్గించావంటే రాయి తగిలినప్పుడు రిమ్ము ట్యూబుని కోసేస్తుంది.

ఇసుక కనిపించగానే, అందులోకి దిగకముందే, గేర్ తేలిక చేసుకో. బరువు వెనక్కి వేసి కూర్చో. హ్యాండిల్‌ని గట్టిగా బిగించకు, అది కాస్త అటూ ఇటూ ఊగితే ఊగనీ. తొక్కడం ఆపకు, ముందు బ్రేక్ ముట్టుకోకు. సాగకపోతే దిగి నడువు. అక్కడ అందరూ నడుస్తారు, సిగ్గేం లేదు.

నేను నడవలేదు. తొమ్మిదేళ్ల కిందట, సెప్టెంబరులో ఒక ఆదివారం. రోడ్డు సైకిల్ మీద పదేళ్లు తొక్కిన పొగరు. మట్టి దారుల కోసం కొన్న కొత్త గ్రావెల్ బైక్, టైర్లలో 4 బార్ల గాలి. గేజ్ పెట్టి కొలిచి మరీ కొట్టాను. మీ పిన్నికి "సాయంత్రానికి వస్తా" అని ఒక్క ముక్క చెప్పాను, ఎటు పోతున్నానో చెప్పలేదు. రోజంతా ఫోన్‌లో నీలం గీత చూసుకుంటూ తొక్కాను. ఏ ఊరు దాటానో, ఏ బోర్డు మీద ఏముందో ఒక్కటీ చదవలేదు. గీత ఉందిగా అన్న ధైర్యం.

సాయంత్రం అయిదున్నర. ఎండ పడుతున్న ఊదా మైదానం నుంచి పైన్ అడవిలోకి దారి దిగుతోంది. కళ్లకి చలవద్దాలు. వెలుతుర్లోంచి ఒక్కసారిగా నీడలోకి వస్తే రెండు మూడు క్షణాలు ఏమీ కనబడదు. సరిగ్గా ఆ చోటే గుర్రపు బళ్లు తిరిగి తిరిగి దారిని గుల్ల చేసి పెట్టాయి. ముందు చక్రం సగం దాకా దిగబడింది. నేను చేయకూడని పనే చేశాను, ముందు బ్రేక్ పట్టాను. హ్యాండిల్ మీంచి ఎగిరి భుజం మీద పడ్డాను. లోపల ఎండు పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు వినిపించింది. కాలర్ బోన్.

నొప్పి గురించి రాయను. 112 కొట్టాను. సిగ్నల్ ఒక్క గీత. అవతల అమ్మాయి ఎంతో నెమ్మదిగా అడిగింది, "సరిగ్గా ఎక్కడున్నారు?"

"అడవిలో."

"ఏ ఊరి దగ్గర?"

నాకు తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ భాష మాట్లాడుతున్నవాణ్ణి, "ఇక్కడ పైన్ చెట్లున్నాయి" అన్నాను చూడు. అక్కడ పైన్ చెట్లు లేని చోటెక్కడ! నీలం గీత చూద్దామంటే ఫోన్‌లో మ్యాప్ తెరుచుకోలేదు. అప్పుడామె అడిగింది, "దారిలో ఆకుపచ్చ బోర్డు ఏదైనా చూశారా? తెల్ల క్రాస్ గుర్తు, కింద నంబరు ఉంటుంది."

చూడ్డమా! పది నిమిషాల ముందు ఆ బోర్డు కర్రకే సైకిల్ ఆనించి నీళ్లు తాగాను. నంబరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. చదవలేదు.

అది రెట్టుంగ్స్‌పుంక్ట్. అంబులెన్స్ రాగలిగిన చోటుకి గుర్తు. నంబరు చెబితే చాలు, వాళ్లకి మ్యాపులో ఆ చోటు దొరుకుతుంది. నేను సైకిల్ అక్కడే వదిలేసి, కుడి చేత్తో ఎడమ చెయ్యి పట్టుకుని, తొక్కితే పది నిమిషాల దారిని గంటకు పైగా నడిచాను. బోర్డు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. నంబరు చెప్పిన ఇరవై నిమిషాలకి బండి వచ్చింది. అప్పటికి మీ పిన్ని నుంచి పదిహేడు మిస్డ్ కాల్స్. ఆ రాత్రి ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే నా చాదస్తం భరించు. ఆకుపచ్చ బోర్డు కనిపించిన ప్రతిసారీ ఆగి, నంబరు ఫోటో తీసుకో, ఒకసారి పైకి చదువు. ఊళ్ల పేర్లు కూడా చదువు. ఇప్పుడు ఎమర్జెన్సీకి కొడితే ఫోనే మన చోటు పంపుతుంది బాబాయ్ అంటావు, తెలుసు. సిగ్నల్ ఉంటే పంపుతుంది. ఆ అడవుల్లో గంటసేపు ఒక్క గీత కూడా కనిపించని చోట్లున్నాయి. రాత్రి ఎక్కడ దిగుతున్నావో, ఏ దారిన వెళ్తున్నావో ముందే రాసి పంపు. నాకు కాదులే, పిన్నికి పంపు.

మున్‌స్టర్ చుట్టుపక్కల మిలటరీ వాళ్ల ఫైరింగ్ రేంజులున్నాయి. అడ్డు కడ్డీ, హెచ్చరిక బోర్డు ఉంటే ఫోన్ ఏ దారి చూపించినా సరే, వెనక్కి తిరుగు. పేలని గుండ్లు ఉండొచ్చు. విల్సెడె చుట్టూ ఉన్నది రక్షిత ప్రాంతం, అక్కడ గుర్తు పెట్టిన దారి దిగకూడదు. ఆ ఊళ్లోకి కార్లు రానివ్వరు, గుర్రపు బళ్లే. వెనక నుంచి వెళ్లి ఠక్కున బెల్లు కొట్టకు, గుర్రం బెదురుతుంది. దూరం నుంచే "మోయిన్" అని గట్టిగా పలకరించు, బండివాడు పక్కకి తీస్తాడు. రాళ్లు పరిచిన పాత దారుల్లో పళ్లు ఊడతాయనిపిస్తే అంచు చూడు, చాలాచోట్ల సైకిళ్లు నలిపిన సన్నటి గట్టి బాట ఉంటుంది.

టోటెన్‌గ్రుండ్ దగ్గర పొద్దున ఎనిమిదిలోపు ఉండేట్టు చూసుకో. గిన్నెలా దిగిన లోయ, అడుగున పొగమంచు, దాని మీద నల్లగా నిలబడ్డ జునిపెర్ చెట్లు. ఇళ్ల స్థలాలుగా పోవాల్సిన ఆ నేలని 1906లో విల్హెల్మ్ బోడె అనే పాస్టరు పూనుకుని కొని కాపాడాడు. అదృష్టముంటే గొర్రెల మంద ఎదురవుతుంది. బూడిద రంగు ఒళ్లు, నల్ల మొహం, మెలి తిరిగిన కొమ్ములు. దిగి నిలబడు, మందనంతా పోనీ. లేత బిర్చ్, పైన్ మొలకల్ని అవి మేస్తున్నాయి కాబట్టే అక్కడ పూలు. లేకపోతే ఈపాటికి అదీ అడవైపోయేది. చెయ్యి బాగయ్యాక నేనూ పిన్నీ మళ్లీ అక్కడికే వెళ్లాం, ఈసారి నడిచి. ఆమె మందలో ఆఖరి గొర్రె పోయేదాకా చూసి, "దీని కోసమా నువ్వు ఎముక విరగ్గొట్టుకుంది, సరేలే" అంది. క్షమించినట్టే అనుకున్నాను.

మ్యూడెన్ దగ్గర వీట్సె వాగు వచ్చి ఎర్ట్సె ఏట్లో కలుస్తుంది. అక్కడి నుంచి దారి చాలాసేపు ఏటికి దగ్గర్లోనే నడుస్తుంది. చల్లగా ఉంటుంది, దాహం తెలియదు, అయినా తాగుతూ ఉండు. చెక్క వంతెనలు తడిగా ఉంటే వాటి మీద బ్రేక్ వేయకు, మలుపు తిప్పకు, నేరుగా దాటు. పైన్ వేళ్లు దారికి అడ్డంగా పడి ఉంటాయి, వాటినీ అంతే. నీడలోకి వెళ్లే ముందు చలవద్దాలు తీసెయ్, ఇది మాత్రం మర్చిపోవద్దు తల్లీ.

దీనితో పాటు నా గేజ్ పంపుతున్నాను. దాని గాజు మీద గీత ఆ రోజు పడిందే. ముల్లు బాగానే పనిచేస్తుంది, ఆ రోజు కూడా 4 అని నిజమే చెప్పింది. శనివారం మొదటి బోర్డు ఫోటో నాకు పంపు. పిన్ని అప్పుడే నా ఫోన్ తన దగ్గర పెట్టుకుంటానంటోంది.

నీ బాబాయి