స్టెతస్కోప్ కంటే ముందు మెడ చూశారేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 52 ఏళ్లు, రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం. గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన చాలాసేపు స్టెతస్కోప్ జోలికే పోలేదు. నాడి పట్టుకున్నారు, గోళ్లు చూశారు, మెడ మీద టార్చి వేసి చూశారు, కాలు నొక్కారు, చివర్లో ఎడమ పక్కకి తిరిగి పడుకోమని అప్పుడు విన్నారు. చిన్నప్పుడు కీళ్లనొప్పులు, జ్వరం వచ్చాయా అని కూడా అడిగారు. ఎలాగూ ఎకో (గుండె స్కాన్) రాశారు కదా, మరి ఇదంతా దేనికండీ? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆయన పద్ధతిగా చూశారు, ఈ రోజుల్లో ఓపీ రద్దీలో అంత ఓపిగ్గా చూసేవాళ్లు తక్కువే.

ముందు మెడ సంగతి చెప్తా. మెడలో కుడివైపు లోపల ఒక పెద్ద సిర ఉంటుంది, అది దాదాపు తిన్నగా గుండె కుడి పై గదిలోకి దిగుతుంది, అందుకే ఆ గదిలో ప్రెషర్ పెరిగితే మెడలో రక్తం మట్టం పైకి లేస్తుంది, నీళ్ల ట్యాంకు పక్కన లెవెల్ చూడ్డానికి పెట్టే ట్యూబు లాగా అనుకోండి. మంచం తలవైపు 45 డిగ్రీలు ఎత్తి, తల కాస్త ఎడమకి తిప్పించి చూస్తాం. రొమ్ము ఎముక పైభాగం తడిమితే చిన్న గట్టు తగుల్తుంది, దానికంటే నిలువునా 3 సెంటీమీటర్ల పైన కనిపిస్తే ఎక్కువున్నట్టే. ధమని అయితే వేలికి టక్ టక్‌మని కొడుతుంది, సిర మాత్రం కంటికి రెండేసిసార్లు అల్లాడినట్టు కనిపిస్తుందే గానీ వేలికి అందదు. మా స్టూడెంట్స్ చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

కాలు నొక్కింది నీరు పట్టిందేమో అని. చీలమండ పైన ఎముక మీద బొటనవేలు కాసేపు నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోతుంది. అయితే ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలకి కూడా కాళ్లు వాస్తాయి, అందుకే వాపు ఒక్కటే చూసి గుండె అనెయ్యం.

ఇక ఎడమ పక్కకి తిప్పడం. అలా పడుకుంటే గుండె కొస ఛాతీ గోడకి దగ్గరవుతుంది. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ (కవాటం) దారి సన్నబడితే వచ్చే శబ్దం చాలా మందంగా, దూరంగా ఎక్కడో ఉరిమినట్టు ఉంటుంది, స్టెతస్కోప్‌కి చిన్న గిన్నెలా ఉండే బెల్ వైపు తేలిగ్గా ఆనించి, ఫ్యాన్ కూడా ఆపించి వింటేగానీ దొరకదు. మామూలుగా వెల్లకిలా పడుకోబెట్టి విని వదిలేస్తే తప్పిపోతుంది. కీళ్లనొప్పుల ప్రశ్న కూడా దీనికోసమే, చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం వాల్వుల్ని పాడుచేసి వదిలేస్తుంది, ఆయాసం మాత్రం ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

ఎకో వద్దని కాదు, తప్పకుండా చేయించండి. కాకపోతే దేనికోసం వెతకాలో ముందే తెలిస్తే ఎకో చేసేవాళ్లు ఆ వాల్వ్ దగ్గర ఇంకాస్త ఆగి చూస్తారు. ఈసారి వెళ్లేటప్పుడు అమ్మగారికి వదులు జాకెట్టు వేయించండి, వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి, పరీక్ష చేసేటప్పుడు మీరు లోపలే ఉంటానని అడగండి, ఎవరూ కాదనరు.