ముందు వైట్నింగా, ముందు సిమెంటా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నాకు 24 ఏళ్లు, మాది నల్గొండ జిల్లా. చిన్నప్పటి నుంచీ ముందు పళ్ల మీద గోధుమ రంగు గార, అక్కడక్కడా తెల్ల మచ్చలు ఉన్నాయి. డిగ్రీలో ఉన్నప్పుడు ఒక పన్ను పుచ్చితే సిమెంట్ పెట్టించుకున్నాను, ఇప్పుడది పచ్చబడిపోయింది. పెళ్లికి రెండున్నర నెలలే ఉంది. ఒక క్లినిక్‌లో ఒక్క సిట్టింగ్‌లో వైట్నింగ్ చేస్తే సిమెంట్ కూడా తెల్లబడుతుందన్నారు. ఇంకోచోట ఆరు పళ్లు అరగదీసి క్యాప్‌లు వేస్తామన్నారు. మా పిన్నేమో నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దమంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరు సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చిన గార కాదిది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఫ్లోరోసిస్ అనే అనిపిస్తోంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మీ వైపు చాలా ఊళ్ల బోరు నీళ్లలో అంతకంటే ఎంతో ఎక్కువుండేది. పసితనంలో, పన్ను ఇంకా దవడలో తయారవుతున్నప్పుడే, ఆ ఫ్లోరైడ్ వల్ల పైపొర సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికొచ్చాక ఆ సన్నని రంధ్రాల్లోకి రంగు చేరుతుంది. అందుకే ఎంత తోమినా పోదు. ఇందులో మీ తప్పేమీ లేదు, నవ్వడానికి సంకోచించకండి.

ఇక సిమెంట్ సంగతి. వైట్నింగ్ మందు పంటి రంగునే మారుస్తుంది, సిమెంట్‌ది మారదు. చుట్టూ పళ్లు తెల్లబడితే ఆ పచ్చ ముక్క ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కాబట్టి వైట్నింగ్ ముందు, కొత్త సిమెంట్ తర్వాత. మధ్యలో కనీసం రెండు వారాలు ఆగాలి, ఎందుకంటే మందు వదిలిన ఆక్సిజన్ పంటిలో ఉండగా పెడితే సిమెంట్ గట్టిగా అతుక్కోదు, పైగా అప్పటికి రంగు కూడా ఒకచోట కుదురుకుంటుంది కనక దానికి సరిపోయే షేడ్ ఎంచుకోవచ్చు. అయితే పాత సిమెంట్ అంచు ఊడి సందు ఏర్పడిందేమో మొదటే చూపించుకోండి, ఉంటే తాత్కాలికంగా మూసి గానీ మందు వాడకూడదు, లోపలికి దిగితే బాగా జివ్వుమంటుంది.

మీకు టైముంది. ముందు క్లీనింగ్, తర్వాత మీ పళ్ల అచ్చు తీసి చేసే ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిళ్లు రెండు మూడు వారాలు పెట్టుకోవడం, ఆ తర్వాత ఆ రెండు వారాల గ్యాప్, చివర్లో సిమెంట్. గోధుమ రంగు బాగా తగ్గుతుంది. తెల్ల మచ్చలు మాత్రం మొదటి రోజుల్లో ఇంకా ఎక్కువగా కనపడొచ్చు, కంగారు పడకండి, పన్ను తడి ఆరడం వల్ల అలా ఉంటుంది, తర్వాత కొంత సర్దుకుంటుంది. అప్పటికీ మిగిలితే మైక్రోఅబ్రేషన్ ఉంది, అంటే పైపొరను వెంట్రుకవాసి మేర రుద్ది తీయడం. పళ్లు జివ్వుమంటే ఒకరోజు మానేసి, సెన్సిటివిటీ పేస్ట్ వాడండి. గర్భిణులు మాత్రం వైట్నింగ్ జోలికి వెళ్లొద్దు.

క్యాప్‌లకు ఇప్పుడే ఒప్పుకోకండి, నా మాట వినండి. 24 ఏళ్లకే గట్టి పళ్లను అరగదీస్తే ఆ పోయిన పన్ను మళ్లీ రాదు, క్యాప్‌లను జీవితంలో ఎన్నిసార్లో మార్చుకోవాల్సి వస్తుంది. పిన్నిగారికి కూడా చెప్పండి, నిమ్మరసం పైపొరను కరిగిస్తుంది, బొగ్గు, ఇటుక పొడి గీరేస్తాయి. పైపొర అరిగితే లోపలి పసుపు బయటపడి పళ్లు ఇంకా పచ్చగా కనపడతాయి.

ప్రశ్న: నిన్న దవడ పంటికి సిమెంట్ పెట్టించుకున్నాను. నమిలితే ఆ ఒక్క పన్నే ముందు తగిలి కలుక్కుమంటోంది. అలవాటైపోతుందా?

జవాబు: ఆగకండి, వెళ్లండి. ఇంజెక్షన్‌తో మొద్దుబారి ఉన్నప్పుడు మీరు సరిగ్గా కొరికి చూపించలేకపోయి ఉంటారు, సిమెంట్ కాస్త ఎత్తుగా ఉండిపోయింది. రంగు కాగితం కొరికించి, ఎత్తున్న చోట గీరితే అయిపోతుంది, మళ్లీ ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. చల్లటి నీళ్లకు క్షణం జివ్వుమనడం ఒకటి రెండు వారాలు మామూలే. నొప్పి రాత్రి నిద్రలేపినా, వేడి తగిలాక చాలాసేపు లాగుతూ ఉన్నా నరం దెబ్బతిన్నట్టే అనుకోవాలి, అప్పుడు ఎక్స్‌రే తీయించుకోవాలి.