బిగుసుకునే వేళ్లు, పర్లాకిమిడి మాట

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కథ చదివాను. కీళ్లవాతంతో రాయడం ఎలా అని అడిగావు. ఒడియా కలిసిన మన తెలుగు ఎవరు చదువుతారనీ అడిగావు. చెయ్యి కుదుటపడ్డాక, భాష కుదుటపడ్డాక రాద్దామని ఆగిపోతున్నావేమోనని నా భయం. ఆగకమ్మా.

ముందు చేతి సంగతి. తెల్లవారుజామునే రాయాలన్న మాట నీకు పనికిరాదు. రుమటాయిడ్ కీళ్లవాతంలో పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటాయి. అవి వదలడానికి గంట పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు వేళ్లు ఆడించి, 11 గంటల ప్రాంతంలో కూర్చో. బాల్‌పెన్ను నొక్కి రాయాలి, జెల్ పెన్ను తేలిగ్గా జారుతుంది. దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బొటనవేలంత లావు చెయ్యి. సన్నని పెన్నును బిగించి పట్టుకోవడంలోనే కీలు అలిసిపోతుంది. 20 నిమిషాలు రాసి 10 నిమిషాలు ఆపు. వేళ్లు బాగున్న రోజున ఆపకుండా రాసేస్తే మర్నాడు వాచిపోతాయి, అందరూ చేసే పొరపాటు ఇదే. ఈ కీళ్లవాతానికి నువ్వు వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వేసుకున్న మర్నాడు చాలామందికి వికారం, నీరసం. ఆ రోజు చదువుకో, రాయకు.

వేళ్లు వాచి వేడెక్కిన రోజు ఫోన్‌కి చెప్పి రాయించు. ఫోన్ చేత పట్టుకోకు, బల్లమీద దేనికైనా ఆనించు. చుక్కలూ కామాలూ సరిగా పడవు, అది చిన్న విషయం. నువ్వు 'ఏటి సేస్తన్నావు' అంటే అది పత్రికల తెలుగులోకి మార్చేయొచ్చు. ఒడియా మాటని దగ్గరగా వినిపించే ఇంకేదో మాట చేస్తుంది. అందుకే అదే రోజు దిద్దుకో. మూడు రోజులాగితే ఏమన్నావో నీకే గుర్తుండదు.

దిద్దేటప్పుడు ఇంటి మాట తీసెయ్యకు. మీ ఇంట్లో పఖాళ అంటే పఖాళ అనే రాయి. పక్కన అర్థం అక్కర్లేదు, కథలో మనిషి రాత్రి అన్నంలో నీళ్లు పోస్తే చదివేవాళ్లకు తెలుస్తుంది. కానీ మీ ఇంట్లో అనని మాటని రంగు కోసం తెచ్చి పెట్టకు.

గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊరు పర్లాకిమిడిలోనే బడిలో పాఠాలు చెప్పేవారు. సవరలనే గిరిజనుల మధ్య తిరగడంలో మలేరియా వచ్చింది, క్వినైన్ వాడితే వినికిడి పోయింది. ఆ చెవులతోనే సవర భాష మీద పనిచేశారు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. తెలుగులో మాట్లాడే భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఆయనే. నీకు భాష మీద దిగులేసినప్పుడు ఆయన్ని తలుచుకో.

ఇక కథలో 'భరించలేని బాధ' ఆరుచోట్ల ఉంది. బాధకి మనకెన్ని మాటలు! సలుపు, పోటు, పీకు, తీపు, తిమ్మిరి, కలుక్కుమనడం. సలుపు పుండుది, కలుక్కుమనేది కదిలించినప్పుడు. ఏది ఎక్కడో చూసుకుని రాయి. లేదా ఆ చెయ్యి ఏం చెయ్యలేకపోయిందో చూపించు: డబ్బా మూత రాలేదు, జడ సగంలో ఆగింది, టీ గ్లాసు రెండు చేతులతో ఎత్తాల్సొచ్చింది.

ఆ ఆరుచోట్లా తిరగరాసి పంపు. ఆదివారం మాత్ర వేసుకుంటావు కదా, సోమవారం వద్దు, మంగళవారం మొదలుపెట్టు.