మూడు నెలల పాపకు కాల్షియం సిరప్ పట్టాలా?

ప్రశ్న: మా పాపకు 3 నెలలు. నెలలు నిండాకే పుట్టింది. నా పాలే ఇస్తున్నాను. డాక్టర్ గారు విటమిన్ డి చుక్కలు మాత్రమే రాశారు. ఎముకలు గట్టిపడాలంటే కాల్షియం సిరప్ పట్టాలని, కనీసం ఆవుపాలైనా పట్టమని మా అత్తమ్మ అంటున్నారు. నా పాలు సరిపోవేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: మీ పాలే సరిపోతాయమ్మా. సిరప్ వద్దు, ఆవుపాలూ వద్దు. డి చుక్కలు మాత్రం మానొద్దు.

మీ అత్తమ్మ గారికి ఆ అనుమానం రావడం సహజమే. 100 మి.లీ. ఆవుపాలలో సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. తల్లిపాలలో 25 నుంచి 30 మి.గ్రా. మాత్రమే. కానీ ఎంత తాగిందన్నది కాదు, పేగు ఎంత తీసుకుందన్నదే ముఖ్యం. తల్లిపాలలోని కాల్షియంలో సగానికి పైగా పసిపిల్లల ఒంటికి పడుతుంది. పెద్దవాళ్లకు పాలలోది మూడో వంతు పడితే ఎక్కువ.

పేగు గోడ దాటి రక్తంలో కలవడానికి కాల్షియానికి రెండు దారులున్నాయి. ఒకటి, కణానికీ కణానికీ మధ్య సందు. అక్కడుండే క్లాడిన్ ప్రొటీన్లలో కొన్ని కాల్షియాన్ని పోనిస్తాయి. రెండోది కణం లోపలి నుంచి. టీఆర్‌పీవీ6 అనే ద్వారం గుండా కాల్షియం కణంలోకి వస్తుంది, కాల్‌బైండిన్ అనే ప్రొటీన్ దాన్ని అవతలి అంచుకు చేరుస్తుంది, అక్కడి పంపు రక్తంలోకి తోస్తుంది. పుట్టిన కొత్తలో ఎక్కువ భాగం సందుల్లోంచే పోతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అందుకు సాయపడుతుంది. పాలు తాగే ఎలుక పిల్లల్లో చిన్నపేగు కింది భాగం కూడా కణాల గుండా కాల్షియం తీసుకుంటుందనీ, పాలు మానాక అక్కడ ఆ పని ఆగిపోతుందనీ పరిశోధకులు చూశారు. పాలు తాగే వయసు కోసమే పేగు ఇంత ఏర్పాటు చేసుకోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

బిడ్డ పెరిగేకొద్దీ కణాల గుండా పోయే దారి మీద ఆధారం పెరుగుతుంది. ఆ దారి సరిగ్గా నడవాలంటే విటమిన్ డి ఉండాలి. తల్లిపాలలో అది చాలా తక్కువ. అందుకే ఏడాది నిండేదాకా రోజూ 400 ఐయూ (విటమిన్ డిని కొలిచే యూనిట్) ఇవ్వమంటాం. ఒక్క జాగ్రత్త: మి.లీ.కి 400 ఐయూ ఉన్న సీసాలూ, 800 ఉన్నవీ దొరుకుతాయి. సీసా మారిస్తే లేబుల్ చదివాకే డ్రాపర్‌లోకి తీయండి.

ఆవుపాలలో ఫాస్ఫరస్ ఎక్కువ. దాంతో పసిపిల్లల రక్తంలో కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. పైగా ఐరన్ తగ్గి రక్తహీనత వస్తుంది. ఏడాది నిండేదాకా పట్టకండి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి వేరు. తల్లి కడుపులో బిడ్డకు చేరే కాల్షియంలో దాదాపు 80 శాతం చివరి 3 నెలల్లోనే చేరుతుంది. వాళ్లకు ఏం కలపాలో డాక్టరే చెప్పాలి. మీ పాపకు మణికట్టు దగ్గర ఎముక లావెక్కినట్టు కనిపించినా, ఒళ్లు అదిరినా ఆలస్యం చేయకుండా చూపించండి.

ఇక మీ గురించి. మీరు సరిగ్గా తినకపోయినా పాలలో కాల్షియం పెద్దగా తగ్గదు, మీ ఎముకల్లోంచి వస్తుంది. పాలు మాన్పించాక చాలావరకు తిరిగి చేరుతుంది. అయినా పాలు, పెరుగు, రాగిజావ రోజూ తీసుకోండి. కాన్పు తర్వాత మీకు రాసిచ్చిన కాల్షియం మాత్రలుంటే అవీ వేసుకోండి.