మాటలొచ్చి, చదువులో చురుగ్గా ఉన్న ఒకటో క్లాసు పిల్లాడికి కూడా ఆటిజం ఉంటుందా? ఏం చూసి గుర్తుపట్టాలి?

ఉంటుందండి. మా ఇంట్లోనే ఉంది. మీరు రాసింది చదువుతుంటే నాలుగేళ్ళ కిందటి నా గోడే ఎవరో టైప్ చేసినట్టుంది, ఎక్కాలు గడగడా చెప్తాడు, బోర్డులన్నీ చదివేస్తాడు, టీచరేమో ఒకసారి డాక్టర్‌కి చూపించండి అంటోంది, ఇంట్లో పెద్దాళ్ళేమో ముందు ఆ టీచర్‌ని చూపించమను అంటున్నారు. మా అత్తగారు కూడా అచ్చం ఇదే మాటన్నారు.

మాది సామర్లకోట దగ్గర, ఇంటి వెనకాలే రైలు పట్టాలు. ఆరేళ్ళకి మావాడికి రైళ్ళ పిచ్చి. గౌతమి 12737, తిరుగు గౌతమి 12738, గోదావరి 12727, రత్నాచల్ 12717, ఇక స్టేషన్లయితే అన్నవరం, తుని, అనకాపల్లి, దువ్వాడ అని వరసగా అప్పజెప్పేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలంతా కలెక్టరవుతాడమ్మా అనేవాళ్ళు (మనవైపు ఏ పిల్లాడు ఏం చేసినా కలెక్టరే, ఇంకో ఉద్యోగం లేదు). మధ్యలో ఎవరైనా "సరేగానీ నీ ఫ్రెండ్ పేరేంట్రా" అంటే వినబడనట్టే ఉండి మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకునేవాడు. మేం కూడా మురిసిపోయాం, అబద్ధమెందుకు.

ఒకరోజు లంచ్ బాక్స్ పెట్టింది పెట్టినట్టే వెనక్కొచ్చింది. పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు, వాడు రోజూ తినేవే, ఇంకేం పెట్టినా ముట్టడు. ఎందుకు తినలేదురా అంటే "రత్నాచల్ నలభై నిమిషాలు లేటు" అన్నాడు. డైరీలో టీచరు 'వెరీ అడమెంట్' అని రాసి సంతకం పెట్టమంది. నాలుగు తగిలించాను కూడా, ఇప్పటికీ ఆ చెయ్యి నాకు గుర్తొస్తూనే ఉంటుంది. మర్నాడు పక్కింటి పాప, అదే క్లాసు, గోడ దగ్గర నిలబడి చల్లగా చెప్పింది, "ఆంటీ, నిన్న టీచర్ నోరు మూసుకో అన్నారు కదా, వీడు చేత్తో మూసుకున్నాడు, బెల్లు కొట్టినా తియ్యలేదు." రెండో పీరియడ్ నుంచి సాయంత్రం బస్సెక్కేదాకా అంట. అందరూ తింటుంటే బాక్సు మూత తీసుకుని, ఒక చేత్తో నోరు మూసుకుని, అన్నంకేసి చూస్తూ కూర్చున్నాడంట. ఆయమ్మ చెయ్యి తియ్యబోతే ఏడ్చాడంట. మూసుకోమన్నారు, ఇక తియ్యచ్చు అని ఎవరూ చెప్పలేదు, అదీ సంగతి.

మాటని మాటలాగే పట్టుకోవడం కూడా ఒక గుర్తేనని తర్వాత చెప్పారు నాకు. కానీ ఆరోజు నా కడుపులో దేవేసింది అందుకు కాదు, పక్కింటి పిల్ల పెన్సిలు విరిగినా వాళ్ళమ్మకి అరగంట కథ చెప్తుంది, మావాడికి అంత జరిగితే నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఇవాళే కాదు, "అమ్మా ఇవాళ ఏమైందో తెలుసా" అని వాడు ఒక్కనాడూ పరిగెత్తుకు రాలేదని అప్పుడు తట్టింది. రైళ్ళ గురించి గంట చెప్తాడు, వాడి గురించి వాడు చెప్పడు. నన్నడిగితే మీరు ముందు చూడాల్సింది ఇదే, ఎక్కాలు, ఇంగ్లీషు పక్కన పెట్టేయండి.

వెనక్కి తిరిగి చూసుకుంటే చిన్నప్పట్నుంచీ ఉన్నాయండి. ఐదేళ్ళొచ్చేదాకా దాహమేస్తే "నీకు మంచినీళ్ళు కావాలా?" అని అడిగేవాడు, మనం వాణ్ణి ఎలా అడుగుతామో అలాగే. మా అత్తగారు "నాకొద్దు నాన్నా, ఎంత మర్యాదో వీడికి" అనేవారు, వాడు గొంతెండిపోయి ఏడ్చేవాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగు. స్కూలు ఆటో వేరే వీధిలోంచి వెళ్తే ఆ రోజంతా గోలే.

ఇక డాక్టర్ల సంగతి. మొదట చూపించినాయన ఐదు నిమిషాలు చూసి, మాట్లాడుతున్నాడుగా, కళ్ళలోకి చూస్తున్నాడుగా, ఏం లేదు, ఫోన్ మానిపించండి అన్నారు. ఏడాది పోయింది. ప్రతిదానికీ ఫోనే, తల్లి ఫోనిచ్చింది, తల్లి పట్టించుకోలేదు, తండ్రిని ఒక్కడూ అనడు. వాట్సాప్ గ్రూపుల్లో ఆటిజం తగ్గిపోతుందని ఒంటె పాలు అమ్మేవాళ్ళు ఒకపక్క, టీకాల వల్లే అనేవాళ్ళు ఇంకోపక్క. ఆ టీకాల కథ 1998లో ఇంగ్లండులో ఒక డాక్టరు రాసిన పేపరు, అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసేసుకుంది, అయినా మా పిన్ని ఇప్పటికీ ఫార్వర్డ్ చేస్తూనే ఉంది.

మీ వాడికి ఉందని నేననట్లేదు. సిగ్గరి పిల్లలూ ఇలాగే ఉంటారు, చెవులు సరిగ్గా వినబడని వాళ్ళూ ఇలాగే ఉంటారు, మావాడికి కూడా ముందు వినికిడి పరీక్షే చేయించారు. ఆటిజం ఉన్న ఆడపిల్లలైతే చాలామంది పక్కవాళ్ళని చూసి అలాగే చేస్తూ లోపల్లోపల నలిగిపోతారు, తెలియడం ఇంకా ఆలస్యం. వీధికొకటి వెలిసిన థెరపీ సెంటర్లకి ముందే డబ్బు కట్టకండి. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల తేడాలు చూసే ప్రభుత్వ కేంద్రం ఉంటుంది, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఉచితం, అక్కడ అడగండి. మేం చివరికి సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్న, ఇలాంటి పిల్లల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి వెళ్ళాం, పాతవాళ్ళు ఎన్ఐఎంహెచ్ అంటారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. ఆటిజం కొలవడానికి మన దేశానికని తయారు చేసిన స్కేలు ఉందంట, నలభై అంశాలు, ఒక్కోటీ అడుగుతుంటే నాకు ఒక్కోటీ గుర్తొచ్చింది.

వెళ్ళేముందు ఒక పని చేయండి. ఇంట్లో, పుట్టినరోజు ఫంక్షన్లో, ఇంటర్వెల్లో వాడు ఎలా ఉంటున్నాడో చిన్న చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి, ఇంటర్వెల్‌ది టీచర్‌ని బతిమాలైనా సరే. డాక్టర్ గదిలో మాత్రం ఈ పిల్లలు పదినిమిషాలు బుద్ధిగా కూర్చుని అడిగినవన్నీ చెప్పేసి వచ్చేస్తారు.